మా అమ్మ మందూ, నా మంచు పెట్టే

భిలాయిలో మంచు కురవదు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా అరవైల నడిమి రోజుల్లో, పాతికేళ్ల వయసులో, నేను జీతం తీసుకున్నది మంచు పడితే ఇంటికప్పు పగులుతుందా పగలదా అని పరీక్ష చేసి చెప్పడానికే. బయట వడగాడ్పు కొడుతుంటే, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని, ఒక మూల కూర్చుని శీతాకాలం తయారుచేసేవాణ్ణి.

మా అమ్మ మాత్రం దాన్ని చిన్న ఉద్యోగం అనుకోలేదు. బొబ్బిలి దగ్గరున్న మా ఊరికి కార్డు రాయించినప్పుడల్లా "మావోడికి మంచు డిపార్ట్‌మెంటు అప్పజెప్పేరు" అని ఒక వాక్యం తప్పకుండా రాయించేది. అమ్మకి చదువు రాదు, రాసేది నేనే. నా గొప్ప నేనే నా చేత్తో రాసుకునేవాణ్ణి. సిగ్గుపడి ఒక్కసారైనా ఆ వాక్యం వదిలేశానా అంటే, లేదు.

జాముల్ వెళ్లే రోడ్డు పక్కన ఒక కాంట్రాక్టరుకి రేకుల షెడ్డు ఉండేది. రష్యావాళ్ల సాయంతో లేస్తున్న ఉక్కు కర్మాగారం కట్టడాల కప్పులకి, గోడలకి వాడే పలకలు అక్కడికి వచ్చేవి. అవి ఉత్త సిమెంటు పలకలు కావు, రాతినార, అంటే ఆస్బెస్టాస్, కలిపి ఒత్తినవి. సిమెంటు బరువు మోస్తుంది గాని వంచితే ఠక్కున విరుగుతుంది. నార కలిస్తే ఆ పోగులు లోపల్నించి పట్టి ఉంచుతాయి. మన ఊళ్లలో మట్టిగోడకి గడ్డి కలిపి తొక్కుతారే, అదే ఉపాయం. ఆ పలకల్ని కోసి, వంచి, నానబెట్టి చూడడానికి షెడ్డులో ఒక మూల తడికె కట్టి, దానికి లేబొరేటరీ అని పేరు పెట్టారు. అందులో ఉన్న ఒకే ఒక్క శాస్త్రజ్ఞుణ్ణి నేను. నా చదువు ఇంటర్మీడియట్.

పరీక్షలు ఎలా చెయ్యాలో చెప్పే పుస్తకం రష్యన్ నుంచి తర్జుమా అయి వచ్చింది. పలకని రెండు రోజులు నీళ్లలో నానబెట్టాలి. గడ్డకట్టే చలిలో నాలుగు గంటలు ఉంచాలి. మళ్లీ నీళ్లలో వేసి కరగనివ్వాలి. ఇలా పాతికసార్లు. పొరలు విడకుండా, అంచులు రాలకుండా ఉంటే పలక పాసయినట్టు. రష్యాలో ఇది న్యాయమే. భిలాయిలో ఎందుకని ఎవరూ అడగలేదా అంటే, అందరూ అడిగారు. ఆ పేజీ కొట్టేసే అధికారం మాత్రం ఎవరికీ లేదు. దాంతో దుర్గ్ నుంచి నాకు రోజూ ఐసు దిమ్మలు వచ్చేవి. ఐసు చితక్కొట్టి, కల్లుప్పు కలిపి, ఆ డ్రమ్ములో పలకల డబ్బా దింపేవాణ్ణి. ఉప్పు తగిలితే ఐసు ఇంకా చల్లబడి, నీళ్లు గడ్డకట్టే చోటు దాటి కిందికి దిగిపోతుంది. నా విద్య మొత్తం అదే.

పగులు పట్టే పద్ధతి కూడా ఒకటి ఉంది, అది వాయించి చూడడం. పలకని ఒక మూల పట్టుకుని వేలి గణుపుతో కొడితే, బాగున్నది ఖంగుమంటుంది, లోపల పొర విడినది డొల్లగా పలుకుతుంది. కంటికి కనిపించే ముందే చెవికి దొరుకుతుంది. ఈ చెవి నాకు నిజంగానే ఉండేది. దాని గురించి గొప్పలు కూడా బాగానే చెప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన మాట. పాతికసార్లూ నేను ఎప్పుడూ చెయ్యలేదు. మొదట్లో రెండు మూడు పలకలకి నిజాయితీగానే మొదలుపెట్టాను. ఎనిమిదోసారికీ ఏమీ కాలేదు, పదోసారికీ ఏమీ కాలేదు. అప్పట్నించి పది దాకా చేసి, మిగతా పదిహేనూ ఫ్యాను కింద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ రిజిస్టర్లో రాసేసేవాణ్ణి. 'పగులు లేదు, పగులు లేదు, పగులు లేదు.' వరసగా ఒకేలా ఉంటే బాగుండదని అక్కడక్కడ కలం మార్చేవాణ్ణి. లేని చలికి చేసే పరీక్షలో లేని పరీక్ష రాస్తే తప్పేముందని నా వాదన. ఆ వాదన నాకెంత నచ్చిందంటే, ఎవరూ అడక్కపోయినా మనసులో రోజూ వినిపించుకునేవాణ్ణి.

ఆ రిజిస్టరు వారానికోసారి చూడడానికి ఒక రష్యన్ ఇంజనీరు వచ్చేది. నలభై దాటిన మనిషి, తలకి పువ్వుల రుమాలు కట్టుకుని సైకిలు మీద వచ్చేది. అందరూ మేడమ్ అనేవాళ్లం. బజార్లో నేర్చుకున్న హిందీ మాట్లాడేది. తప్పులుండేవి గాని బెరుకుండేది కాదు. రిజిస్టరు పేజీలు నెమ్మదిగా తిప్పి, సంతకం పెట్టి, "అచ్ఛా కామ్, బేటా" అని వెళ్లిపోయేది. ఆ 'అచ్ఛా కామ్' విన్నప్పుడల్లా కొంచెం గుచ్చుకునేది. కొంచెమే.

ఇక మా అమ్మ సంగతి. నాన్న పోయాక అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఒక శ్రీకాకుళం ఆయన క్వార్టర్లో వెనక గదీ, చిన్న వరండా అద్దెకు ఇచ్చాడు. ఆయన డిస్పెన్సరీలో కాంపౌండరు. అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. అమ్మకి చక్కెర జబ్బు అని పట్టుకున్నది ఆయనే. రోజూ పొద్దున్న తిండికి ముందు ఇన్సులిన్ సూది వెయ్యాలి. గాజు సిరంజి మరగబెట్టడం, మందు బుడ్డిని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించడం, చర్మం పైకి పట్టుకుని పొడవడం, అన్నీ నేర్పాడు. ఉచ్చలో చక్కెర ఉందో లేదో చూడడానికి నీలం రంగు మందు ఒక సీసా ఇచ్చాడు. గాజుగొట్టంలో ఆ నీలంతో కలిపి కాస్తే, చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, పసుపు, మరీ ఎక్కువైతే ఇటిక రంగు. లేబొరేటరీ మనిషిని కదా, ఆ గొట్టం పట్టుకున్నప్పుడు నా మొహంలో కళ వేరేగా ఉండేదని అమ్మ నవ్వేది.

ఏప్రిల్ దాకా మందు బుడ్డి తడి ఇసుకలో దింపిన చిన్న కుండలో ఉండేది. ఎండలు ముదిరాక, సెలవు మీద పెళ్లాం పిల్లల్ని తీసుకుని ఊరెళ్తూ కాంపౌండరు అన్నయ్య నన్ను పిలిచాడు.

"తమ్ముడూ, మే నెల్లో ఈ కుండ చాలదు. మందు చచ్చిపోద్ది. ఎవులింట్లోనన్నా ఫ్రిజ్జి దొరుకుద్దేటో చూడు. సిగ్గుపడకు" అన్నాడు.

మా వీధి మొత్తానికి ఫ్రిజ్ లేదు. నాకు తెలిసి ఉన్నది మేడమ్ ఇంట్లో. ఆ వారం రిజిస్టరు చూడడానికి వచ్చినప్పుడు, మాటల్లో మాటగా అమ్మ మందు సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే, "మా ఇంట్లో పెట్టుకో. రోజూ పొద్దున్న వచ్చి తీసుకుపో. దూరం ఎంత? సైకిలు మీద పది నిమిషాలు" అంది.

నేను ఏమన్నానో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మేడమ్, మా అమ్మ మడి పాటించే మనిషి. మాంసం ఉన్న చోట తన మందు పెడితే ఒప్పుకోదు" అన్నాను.

అమ్మ మడి పాటించేమాట నిజమే. తడిబట్ట కట్టుకుని వంట చేసేది, ఉల్లిపాయ కూడా తినేది కాదు. కానీ మందు గురించి అమ్మని నేను అడగలేదు. ఇంటికెళ్లి కూడా చెప్పలేదు. అసలు కారణం వేరు. ఐసుతో పనిచేసేవాణ్ణి, చలి పుట్టించడమే వృత్తిగా ఉన్నవాణ్ణి, కాస్త చల్లదనం కోసం ఇంకొకళ్ల గుమ్మం ఎక్కడమేమిటని నా పొగరు. దాన్ని పైకి చెప్పుకోలేక అమ్మ మడి వెనక దాచాను. మేడమ్ ఏమీ అనుకోలేదు. "మా అమ్మమ్మ కూడా అంతే, ఉపవాసాల్లో మా గిన్నెలు ముట్టేది కాదు" అని నవ్వి సైకిలెక్కింది.

ఫ్రిజ్ వద్దన్నాను కాబట్టి ఏదో ఒకటి చెయ్యాలి. మంచు పెట్టె చేశాను.

అమ్మ ఊరినుంచి వచ్చినప్పుడు పరుపుచుట్టకి కట్టుకొచ్చిన గోగునార తాడు ఒకటి ఉంది. దాన్ని పోగులు విడదీసి, వేలెడు ముక్కలుగా కత్తిరించి, సిమెంటులో కలిపాను. రాతినార బదులు మా గోగునార. మేడమ్ దేశం నేర్పిన విద్యకి మా బొబ్బిలి ఇచ్చిన కానుక అని నాలో నేనే ఉపన్యాసం ఇచ్చుకున్నాను. చెక్కలతో మూస కట్టి, ఒకదానిలో ఒకటి దిగేలా రెండు పెట్టెలు పోశాను. వాటి నడుమ ఊక కూరాను. పదిరోజులు తడిపాను. ఆరాక వేలి గణుపుతో కొడితే ఖంగుమంది. వరండా మూల పెట్టాను. అమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"ఏటిరా ఇది? తొట్టిలా ఉంది."

"తొట్టి కాదమ్మా. దీన్లో నీ మందు చల్లగా ఉంటుంది. ఇలాంటిది ఊళ్లో ఎవరికీ లేదు."

"అవునవును, ఎవరికుంటాది" అంది అమ్మ. మెచ్చుకుందో వెక్కిరించిందో అప్పుడు తేల్చుకోలేదు.

లేబొరేటరీలో మిగిలిన ఐసు గోనెసంచిలో పొట్టు మధ్య చుట్టి, సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవాణ్ణి. రాత్రంతా పొట్టులో ఉంచి, పొద్దున్న సూది వేశాక, పెట్టెలో ఐసు నింపి, మధ్యలో చిన్న రేకు డబ్బాలో ఇంట్లో ఉన్న మందు బుడ్లు రెండూ పెట్టేవాణ్ణి. ఉత్త ఐసు వేసి ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ నా విద్య ఉంది కదా. చల్లగా ఉంటే మంచిదంటే, ఇంకా చల్లగా ఉంటే ఇంకా మంచిదే కదా. ఉప్పు వేశాను. ఆవకాయ కోసం అమ్మ తెప్పించి పెట్టిన కల్లుప్పు.

"ఉప్పంతా ఏటి చేసేస్తున్నావురా? మంచుకి ఊరగాయ పెడతావేటి?" అంది అమ్మ మూడోరోజున.

"నీకు తెలీదులే అమ్మా, ఇది సైన్సు" అన్నాను.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి మూత తీస్తే మందు బుడ్డి తెల్లగా, రాయిలా గడ్డకట్టి ఉండేది. చూసి మురిసిపోయేవాణ్ణి. సాయంత్రానికి ఐసు కరిగి, బుడ్డీ కరిగేది. మర్నాడు పొద్దున్న ఆ మందే సిరంజిలోకి లాగేవాణ్ణి. మామూలుగా పాలనీళ్లలా ఉండే మందులో సున్నపు పొక్కుల్లాంటివి తేలుతుండేవి, బుడ్డి గోడకి అంటుకునేవి. కాంపౌండరు అన్నయ్య మెల్లగా దొర్లించమన్నాడు. నేను గట్టిగా ఊపాను. ఊపితే కలిసిపోతుందనుకున్నాను.

వారం తిరక్కుండా అమ్మకి దాహం మొదలైంది. కూజాడు నీళ్లు గంటలో తాగేసేది. మే నెల కదా అనుకున్నాను. గాజుగొట్టం కాస్తే పసుపు వచ్చింది. రెండ్రోజులకి నారింజ, ఆ తరవాత ఇటిక రంగు. అమ్మ బుగ్గలు లోపలికి పోయాయి, వరండాలోంచి గదిలోకి నడిస్తే గోడ పట్టుకునేది. నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది, ఇప్పటికీ అంతే. గొట్టం ఎత్తి పట్టుకుని, నేరం రుజువైందని తేల్చిన జడ్జీలా నిలబడ్డాను.

"అమ్మా, ఏం తింటున్నావు నువ్వు?"

"ఏటి తింటాను? నీ ఎదురుగా తిన్నదే. రెండు పుల్కాలు, కూర."

"అబద్ధం చెప్పకు. చక్కెర ఊరికే రాదు. మామిడిపళ్లు తింటున్నావు. పక్కింటావిడ బుట్టలో తెచ్చిందా లేదా?"

"తెచ్చింది. వాసన చూసి ఇచ్చీసేను. నీ మీదొట్టు, తిన్లేదురా."

నమ్మలేదు. గొట్టంలో రంగు అబద్ధమాడదు, మనుషులే ఆడతారు అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చినందుకు ఇన్నేళ్ల తరవాత కూడా నా చెవులు నాకే కాలతాయి. రిజిస్టర్లో పదిహేను అబద్ధాలు కలం మార్చి మార్చి రాసినవాణ్ణి నేను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నేను బెల్లం డబ్బా, చక్కెర డబ్బా తీసి అలమరాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి జంధ్యానికి కట్టుకోవడం ఒక్కటే తక్కువ.

పెట్టె కూడా నాకు చెప్పాలని చూసింది. పదోరోజున మూత వేస్తూ అలవాటుకొద్దీ వేలితో కొడితే డొల్లగా పలికింది. లోపలి గోడలో ఎక్కడో పొర విడింది. నా చెవికి తెలిసింది. తడిగా ఉంది కాబట్టి అలా పలికిందని నేనే నా చెవికి సర్దిచెప్పాను. పదిహేనోరోజు పొద్దున్న వరండా అంతా ఉప్పునీళ్లు. లోపలి పెట్టె అడుగున జానెడు పగులు. చెయ్యిపెట్టి లాగితే గోడ పొరలుపొరలుగా ఊడి వచ్చింది. ఆ పొరల మధ్య నా గోగునార నాని, ఉబ్బి, కుళ్లిన పీచులా వేలాడుతోంది.

నాకు ముందు తోచింది ఏమిటో దాచకుండా చెప్తాను. అమ్మ మందు ఏమవుతుందోనని కాదు, నా సిమెంటు ఎందుకు పగిలిందా అని. అమ్మ ఆ పొద్దున్న లేవలేదు. సూది వేసినప్పుడు మూలిగింది, అంతే. పడుకోనీ అనుకుని, బుడ్లు రెండూ తడి ఇసుక కుండలో పెట్టి, పగిలిన ముక్క ఒకటి కాయితంలో చుట్టుకుని షెడ్డుకి వెళ్లాను. అది మేడమ్ వచ్చే రోజు.

ఇంట్లో నేను చేసిన మంచు పెట్టె ముక్క అని చెప్పి ఇస్తే, ఆవిడ దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. గోళ్లతో ఒక నారపోగు లాగింది. ఏ పట్టూ లేకుండా ఊడి వచ్చింది.

"ఇది మన పలక కాదు. ఇందులో నీళ్లు పోగుల వెంట లోపలికి వెళ్లాయి. గడ్డకట్టి ఉబ్బాయి. ఉబ్బినప్పుడు కొంచెం చోటు చేసుకున్నాయి. కరిగాక ఆ చోట్లోకి ఇంకా నీళ్లు వచ్చాయి. మర్నాడు ఇంకొంచెం. ఒక్కరోజు చలికి ఏదీ పగలదు బేటా. గడ్డకట్టి, కరిగి, గడ్డకట్టి, కరిగి, అలా పగులుతుంది. ఎన్నోసారికి విడింది?" అంది హిందీలో.

"పద్నాలుగు" అన్నాను. అన్నాక నా రిజిస్టరు గుర్తొచ్చింది. పదోసారి తరవాత ఏమవుతుందో నేను జన్మలో ఎన్నడూ చూడలేదు. నా మొహం చూసి ఆవిడకి ఏమర్థమైందో తెలీదు గాని, ఇంకో ప్రశ్న వేసింది. ఆ పెట్టెలో ఏం పెట్టావు?

"మా కీ దవా" అన్నాను. అమ్మ మందు.

"ఉప్పు వేసి? గడ్డకట్టిందా?"

"రోజూ" అన్నాను. ఆ మాటలో ఇంకా కాస్త గర్వం ఉంది, దేవుడు క్షమించాలి.

ఆవిడ ముక్క బల్లమీద పెట్టేసింది. "బుడ్డితో కాయితం ఒకటి వస్తుంది. చదివావా?" అంది. లేదన్నాను. మంచు పడని ఊళ్లో మంచు గురించి రష్యన్లు రాసిన నలభై పేజీలు బట్టీపట్టినవాణ్ణి, అమ్మ మందుతో వచ్చిన అరచేతంత కాయితం విప్పి చూడలేదు. గడ్డకట్టనివ్వకూడదని అందులో లావు అక్షరాలతో ఉందని తరవాత చూసుకున్నాను. గడ్డకట్టి కరిగిన మందు విరిగిపోతుంది, నీళ్లతో సమానం. పద్నాలుగు రోజులుగా అమ్మకి నేను పొడిచింది దాదాపు ఉత్త సూదే. అమ్మ మామిడిపండు తినలేదు.

ఆ ఒక్క వాక్యం తలలోకి దిగేసరికి మేడమ్ అప్పటికే కాంట్రాక్టరు జీపు డ్రైవర్ని కేకేస్తోంది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గదిలో నేలమీద ఉంది. మంచినీళ్ల కూజా దాకా వెళ్లబోయి కూలిపోయినట్టుంది. పిలిస్తే కళ్లు సగం తెరిచి మూసింది. ఊపిరి ఎగదన్నుతోంది, ఆ ఊపిరి పండు వాసన వేస్తోంది. ఆ వాసన ఎందుకొస్తుందో ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు, చక్కెర జబ్బు ముదిరినప్పుడు అలాగే వస్తుందట. నాకు మాత్రం, పండు తిన్నావని అన్న నా మాటే అమ్మ ఒంట్లోంచి నన్ను అడుగుతున్నట్టు అనిపించింది. మేడమ్ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని జీపులో పడుకోబెట్టాం. నేను దారంతా ఏడ్చాను. పాతికేళ్లవాణ్ణి, డ్రైవరు చూస్తున్నాడని కూడా లేకుండా ఏడ్చాను. ఏడుస్తూనే రిజిస్టరు సంగతి కూడా మేడమ్‌కి చెప్పేశాను, పది చేసి పాతిక రాస్తున్నానని. ఆవిడ అమ్మ తల ఒళ్లో పెట్టుకుని, "అది రేపు" అంది.

సెలైన్లు, కొత్త మందు. మర్నాడు మధ్యాహ్నానికి అమ్మ కళ్లు పూర్తిగా తెరిచింది. మందు ఫ్రిజ్‌లో పెట్టాలనీ, అందులోనూ గడ్డకట్టే అర పక్కకి తగలకుండా పెట్టాలనీ డాక్టరు నాకు చిన్నపిల్లాడికి చెప్పినట్టు రెండుసార్లు చెప్పి వెళ్లాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మేడమ్ అమ్మతోనే నేరుగా, నెమ్మదిగా హిందీలో మాట్లాడింది. పాలవాడి దగ్గర, కూరలమ్మే దీదీ దగ్గర నేర్చుకున్న హిందీ అమ్మకి సరిపోయింది.

"ఏప్రిల్లోనే నేను మా ఇంట్లో పెట్టమన్నాను. మీరు ఒప్పుకోరని మీ అబ్బాయి చెప్పాడు. మా ఫ్రిజ్‌లో మాంసం ఉంటుంది, నిజమే. కానీ ఒక అర కడిగి మీకు వేరే ఇస్తాను" అంది.

అమ్మ తల తిప్పి నావైపు చూసింది. నేను డ్రిప్పు సీసాలో చుక్కలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

"నన్నడిగేవేటి?" అంది.

"నీకు మడి కదా అని..."

"నా మడి నా వంటింట్లోరా. మందుకి మడేటి? ఆ సూదులేసే పిల్ల ఏ కులమో అడిగేనేటి నేను?" అంది. గొంతు పీలగా ఉంది గాని మాట మాత్రం పదునుగానే ఉంది. అమ్మే మేడమ్ చెయ్యి పట్టుకుని, "ఠీక్ హై" అంది. ఇంతకీ మడిని అడ్డం పెట్టుకున్నది అమ్మ కాదు, నా పొగరు.

మేడమ్ అన్న 'రేపు' మర్చిపోలేదు. షెడ్డులో ఉన్న ప్రతి రకం పలకనీ మళ్లీ నానబెట్టించి, పాతికసార్లూ చేయించింది. నేను పక్కన నిలబడి, ఒక్కోసారికి ఒక్కోసారి సంతకం పెట్టాను. పంతొమ్మిదోసారికి ఒక పలక అంచు పొరలు విడింది. ఇన్నాళ్లూ నేను పగులు లేదని రాసిన రకమే అది. ఇక్కడ మంచు పడదు కదా మేడమ్, అని చివరిసారిగా గొణిగాను. "మంచు పడదు. వాన పడుతుంది కదా. నీళ్లు లోపలికి తీసుకునే పలకని చలి తొందరగా పట్టిస్తుంది, మీ వాన నెమ్మదిగా పట్టిస్తుంది" అంది. ఆ రకం పలకలు వెనక్కి పోయాయి. నన్ను పంపించేస్తారనుకున్నాను. పంపలేదు. ఎందుకో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

అమ్మ ఇంటికి వచ్చాక, మందు తేవడానికి నేనెళ్తానంటే ఒప్పుకోలేదు. కాస్త ఓపిక రాగానే పొద్దున్నే తనే నడిచి మేడమ్ ఇంటికి వెళ్లేది. సూది అక్కడే మేడమ్ చేత వేయించుకునేది. నామీద నమ్మకం పోయిందా అని అడిగాను. "నీ చెయ్యి బరువురా" అని తేల్చేసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో తెలీదు గాని, ఒకరోజు అమ్మ, ఆవిడకి కూడా మా ఊరి పద్ధతిలో ఆవకాయ కలపడం నేర్పానని చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. ఉప్పు నేను ఐసుకి పోశాను.

మొదటిరోజు అమ్మ అక్కణ్ణించి తిరిగి వచ్చినప్పుడు, కాళ్లు కడుక్కుంటుందా, స్నానం చేస్తుందా అని గుమ్మంలో నిలబడి చూశాను. ఏమీ చెయ్యలేదు. తిన్నగా వరండాలోకి వచ్చి, మూల పడి ఉన్న నా పెట్టె ముక్కల్ని కాలితో పక్కకి జరిపి కూర్చుంది.

"నీ పెట్టె మడిగానే ఉండీదిరా, పాపం" అంది.

నేను పక్కన కూర్చున్నాను. రెండు వారాలుగా నోట్లో తిరుగుతున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "అమ్మా, ఆవేళ నిన్ను మామిడిపండు తిన్నావని అన్నాను. తప్పయిపోయింది" అన్నాను.

అమ్మ వీధివైపు చూసింది. పక్కింటి వాకిట్లో ఎవరో మామిడిపళ్ల బుట్ట దింపుతున్నారు.

"అంత మంచి పండురా అది, చేతిలోకి తీసుకుని వాసన చూసి ఇచ్చీసేను. ఎలాగూ మాట పడేదాన్ని, తినీసినా బాగుణ్ణు" అంది.

అలమరా తాళంచెవి ఇంకా నా జేబులోనే ఉంది.